పండగ వెళ్ళాక చూద్దామన్నారా?

గోదావరి జిల్లాల్లో పనిలోంచి తీసేసిన మనిషికి అందరూ ఇచ్చే మొదటి సలహా ఒకటే: "కంగారు పడకు, పండగ వెళ్ళనీ." పండగ వెళ్తుంది. దాళ్వా కోతలు అవనీ అంటారు. కోతలూ అవుతాయి. పెద్దబ్బాయిగారు అమెరికా నుంచి వస్తున్నారు, ఆయనతో మాట్లాడదాం అంటారు. ఆయన వచ్చి, చెల్లెలి పెళ్ళి చేసి, తిరిగి విమానం ఎక్కేస్తారు. ఈలోగా ఎలక్షన్లు వస్తాయి, ఎమ్మెల్యేగారు మారతారు. కొత్తాయనకి మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవాలి. రెండేళ్ళు గడిచిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణాలేం అక్కర్లేదు.

లేబర్ కేసులు ఆలస్యంగా వేసేవాళ్ళని బద్ధకస్తులనో, చట్టం తెలియనివాళ్ళనో అనడం తేలిక. నాకు కనిపించిందైతే మొహమాటం. రైస్ మిల్లు యజమానిదీ, హమాలీదీ ఒకే ఊరు. ఒకే గుడికి వెళ్తారు. "మా నాన్న వాళ్ళ నాన్నగారి దగ్గర పనిచేశాడండి, వాళ్ళ మీద కేసేంటండి బాబూ" అంటాడు హమాలీ. ఆ మాటలో మర్యాద ఉంది, రేపు మళ్ళీ పిలుస్తారన్న ఆశ కూడా ఉంది. రెంటినీ తప్పుపట్టను. మాటలు సాగనివ్వండి, పెద్దమనుషుల్ని కలవండి, పండగకి వెళ్ళి నమస్కారం పెట్టి రండి. ఎదురుచూసే ప్రతి నెలకీ ఒక తేదీ ఉన్న కాయితం మాత్రం మీ చేతిలో ఉండాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. చట్టం దృష్టిలో అడుగుతూ ఎదురుచూసినవాడు వేరు, ఊరుకున్నవాడు వేరు. అడిగినట్టు రుజువు లేనివాణ్ణి ఊరుకున్నవాడి లెక్కలోనే వేస్తారు.

గడువు ఎప్పటి నుంచి?

ముందు చట్టం సంగతి, వీలైనంత పొట్టిగా. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో మొదట్లో ఒంటరి కార్మికుడికి నేరుగా కోర్టు గుమ్మం లేదు. యూనియన్ పట్టించుకోవాలి, ప్రభుత్వం ఆ వివాదాన్ని కోర్టుకి పంపాలి. 1965లో 2ఎ సెక్షన్ చేర్చాక ఒక్క మనిషిని తీసేసినా అది పారిశ్రామిక వివాదమే అయింది. ఆ తర్వాతి అడుగు మన రాష్ట్రమే ముందు వేసింది. 1987లో ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణతో, తీసేసిన కార్మికుడు ప్రభుత్వ రిఫరెన్సు కోసం చూడకుండా తానే లేబర్ కోర్టులో దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. ఆ సవరణలో గడువు ప్రస్తావన లేదు. పక్కనున్న కర్ణాటక అలాంటి వీలే ఇచ్చి ఆరు నెలల గడువు పెట్టింది. మనవాళ్ళలో "లేబర్ కేసుకి టైమ్ లేదులే" అన్న మాట నాటుకుపోవడానికి ఆ రోజులు ఒక కారణమని నా అనుమానం. ఆ మాట ఇప్పుడు చెల్లదు.

2010లో కేంద్రం దేశమంతటికీ ఈ నేరు దారి తెరిచింది, తెరుస్తూనే మూడేళ్ళ గడువు పెట్టింది. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో గడువు రెండేళ్ళు. లేబర్ ఆఫీసులో ఉండే రాజీ అధికారి కూడా వివాదం పుట్టిన రెండేళ్ళు దాటాక దాన్ని చేపట్టకూడదు. పాత చట్టంలో మూడేళ్ళు దాటినవాడికి ఒక దొడ్డిదారి ఉండేది. ప్రభుత్వం ఎప్పుడైనా వివాదాన్ని కోర్టుకి పంపవచ్చు కాబట్టి ఆ తలుపు కొట్టేవాళ్ళు. కొత్త కోడ్‌లో ఆ రిఫరెన్సు పద్ధతే ఎత్తేశారు. కొత్త ట్రిబ్యునళ్ళు ఏర్పడేదాకా పాత లేబర్ కోర్టులే పని చూస్తాయి గానీ, గడువు కొత్తదే. 2025 నవంబరుకి ముందు తీసేసినవాళ్ళకి ఏ గడువు వర్తిస్తుందన్న వాదన వకీళ్ళు చేసుకుంటారు. మీరు మాత్రం రెండేళ్ళే అనుకుని పని నడపండి.

ఇక అసలు గోతి. ఆ రెండేళ్ళు లెక్కపెట్టేది పనిలోంచి తీసేసిన రోజు నుంచి. రాజీ మాటలు విఫలమైన రోజు నుంచి కాదు. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టేసి "ఇక అదే నడుస్తుంది" అనుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. రాజీ అధికారికి అర్జీ పెట్టిన 45 రోజుల తర్వాత మీరు నేరుగా కోర్టుకి వెళ్ళవచ్చు. రాజీ అధికారి దగ్గర యాజమాన్యం వాయిదాలు అడుగుతూ ఉంటే ఆ వాయిదాలు గడువుని ఆపవు. ఉదాహరణకి 2026 మార్చి 10న మిమ్మల్ని గేటు బయట నిలబెట్టారు అనుకుందాం. 2028 మార్చి 10 రాకముందే దరఖాస్తు కోర్టులో పడాలి. దానికి 45 రోజులు వెనక్కి లెక్కపెడితే జనవరి 25 తేలుతుంది. అంటే 2028 సంక్రాంతికి కూడా మీ అర్జీ లేబర్ ఆఫీసులో లేకపోతే, కనుమ మర్నాడు అన్నీ మానుకుని వెళ్ళాల్సిందే. అంతదాకా ఆగమని నా ఉద్దేశం కాదు, చివరి అంచు ఎక్కడుందో చూపించడానికి చెప్పాను. మంచి పద్ధతి అడిగితే, తీసేసిన నెలలోపే అర్జీ పెట్టేయండి. అర్జీ పెట్టినంత మాత్రాన యుద్ధం ప్రకటించినట్టు కాదు. రాజీ అధికారి దగ్గర జరిగేదీ మీ పెద్దమనుషుల దగ్గర జరిగేదే. కాకపోతే అక్కడ తేదీ వేసి సంతకం పెడతారు.

గేటు దగ్గర ఏం జరిగింది?

మన దగ్గర చాలామందిని కాయితం మీద తీసెయ్యరు. భీమవరం పక్క రొయ్యల ప్లాంట్లలో, కోనసీమ కొబ్బరి పీచు షెడ్లలో, రాజమండ్రి మెయిన్ రోడ్డు బట్టల షాపుల్లో ఆర్డరు అనేదే ఉండదు. వాచ్‌మన్ వచ్చి "మేనేజరుగారు నిన్ను లోపలికి రానివ్వద్దన్నారు" అంటాడు, అంతే. ఆరు నెలలు పోయాక యాజమాన్యం జవాబు ఎలా ఉంటుందో ముందే చెప్పగలను: "మేం తీసెయ్యలేదు. అతనే చెప్పాపెట్టకుండా మానేశాడు." అప్పుడు మిమ్మల్ని ఏ రోజున తీసేశారో, అసలు తీసేశారో మీరే మానేశారో తేల్చాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది.

దీనికి విరుగుడు ఒక్క ఉత్తరం. గేటు దగ్గర ఆపేసిన మర్నాడో, ఆ వారంలోనో పంపాలి. వకీలు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. తెలుగులో ఇలా ఉంటే చాలు:

"అయ్యా, నేను మీ ప్లాంటులో ఫలానా సంవత్సరం నుంచి గ్రేడింగ్ పనిచేస్తున్నాను. ఈ నెల 10వ తేదీ ఉదయం షిఫ్టుకి వస్తే గేటు దగ్గర ఆపి, రావద్దన్నారు. కారణం చెప్పలేదు, కాయితం ఇవ్వలేదు. 11న కూడా వచ్చాను, లోపలికి పంపలేదు. నేను పని మానలేదు. ఇప్పుడు కూడా పనికి సిద్ధంగా ఉన్నాను. నన్ను పనిలోకి తీసుకోవాలని, నాకు రావలసిన జీతం ఇవ్వాలని కోరుతున్నాను."

తిట్లొద్దు, బెదిరింపులొద్దు, మేనేజరుగారి బావమరిది సంగతులొద్దు. "నేను పని మానలేదు, సిద్ధంగా ఉన్నాను" అన్న ముక్క లేకుండా మాత్రం పంపకండి. పోస్టాఫీసుకి వెళ్ళి రిజిస్టర్డ్ పోస్టు అని అడిగితే వింతగా చూస్తారేమో, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టులోనే పంపండి. రసీదు మీద సిరా కొన్నాళ్ళకి మాసిపోతుంది, కనుక అదే రోజు ఫోటో తీసి, జెరాక్సు తీయించి, ఉత్తరం నకలుతో కలిపి కుట్టెయ్యండి. అందినట్టు ఆన్‌లైన్‌లో కనిపించే పేజీ కూడా ప్రింటు తీయించండి, అది ఎల్లకాలం అక్కడ ఉండదు. ఉత్తరం తీసుకోకుండా తిప్పి పంపేస్తే బాధపడకండి. ఆ కవరు విప్పకుండా అలాగే దాచండి. తిరస్కరించారన్న ముద్రతో వెనక్కొచ్చిన కవరు మీ కేసుకి మంచి సాక్ష్యం.

ఆ తర్వాత పెద్దమనుషులు మాట్లాడుతున్నంతకాలం రెండు మూడు నెలలకోసారి ఇంకో చిన్న ఉత్తరం వెయ్యండి. "ఫలానా తేదీన ఫలానావారి సమక్షంలో మాట్లాడాం, పండగ తర్వాత తీసుకుంటామన్నారు, ఇంకా పిలవలేదు" అని రెండు లైన్లు. వాట్సాప్‌లో పెట్టినా పనికొస్తుంది, ఫోను మార్చినప్పుడు పోకుండా చూసుకుంటే. ఒక హెచ్చరిక: ఈ ఉత్తరాలు మీరు ఊరుకోలేదని చూపిస్తాయి గానీ గడువుని పొడిగించవు. వంద వినతులు పెట్టినా రెండేళ్ళు రెండేళ్ళే.

రుజువులు ఎందుకు కరిగిపోతాయి?

ఆలస్యం వల్ల నష్టం గడువు దాటడమే అనుకుంటారు. గడువులోపల ఉన్నవాడికి కూడా నష్టమే. చట్టం రక్షణ కోసం చూసే లెక్క ప్రకారం సంవత్సరంలో 240 రోజులు పనిచేశానని రుజువు చేయాల్సింది కార్మికుడే అని సుప్రీంకోర్టు 2002లో, మళ్ళీ 2005లో ఆర్.ఎం. యెల్లట్టి కేసులో చెప్పింది. "నేను పనిచేశాను" అని ప్రమాణపత్రం ఇస్తే చాలదు, మస్టరు రోళ్ళో జీతం చీటీలో ఇంకేదో కావాలి. మస్టరు రోలు యాజమాన్యం బీరువాలో ఉంటుంది. మీరు వెంటనే అడిగితే కోర్టు దాన్ని తెప్పిస్తుంది. నాలుగేళ్ళ తర్వాత అడిగితే "వరదల్లో తడిసిపోయింది సార్" అంటారు. గోదావరి ఒడ్డున ఉన్నాం, ఆ మాటని ఎవరూ కాదనలేరు. సాక్ష్యం చెప్పాల్సిన తోటివాళ్ళు ఒకరు హైదరాబాదు పోతారు, ఒకరు దుబాయి పోతారు, మిగిలినవాళ్ళు ఇంకా అక్కడే పనిచేస్తుంటారు కాబట్టి నోరు విప్పరు.

అందుకని మీ చేతిలో ఉన్నవి ఈ వారమే పోగుచెయ్యండి. పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఏ యజమాని ఏ నెల జమ చేశాడో అందులో ఉంటుంది. ఈఎస్ఐ కార్డు, డిస్పెన్సరీ చీటీలు దాచండి. జీతం బ్యాంకులో పడితే స్టేట్‌మెంటు, చేతికిస్తే ఎంత ఎప్పుడిచ్చారో మీరు రాసుకున్న పుస్తకం తీయండి. ఆయుధపూజ రోజు మిషన్ల ముందు అందరూ దిగిన ఫోటో కూడా పనికొస్తుంది, దాన్ని ఎవరో గ్రూపులో పెట్టే ఉంటారు. పోయేముందు ఖాళీ వోచర్ల మీద సంతకం అడిగితే పెట్టకండి. లెక్క చూసి డబ్బిస్తామంటే తీసుకోండి గానీ, సంతకం పక్కన "నా హక్కులు వదులుకోకుండా తీసుకున్నాను" అని మీ చేతిరాతతో రాయండి.

ఇప్పటికే ఆలస్యమైపోతే

ఈ పుస్తకం చదివేవాళ్ళలో సగం మంది ఈ భాగం కోసమే వెతుక్కుంటారని తెలుసు. పాత చట్టం కింద వచ్చిన నాలుగు తీర్పులు పక్కపక్కన పెట్టి చూస్తే కోర్టు మనసు అర్థమవుతుంది.

అజాయబ్ సింగ్ అనే ఆయన్ని పంజాబ్‌లో ఒక సహకార సంఘం 1974లో తీసేసింది. ఆయన అడిగింది 1981లో, ఏడేళ్ళ తర్వాత. 1999లో సుప్రీంకోర్టు లేబర్ వివాదాలకి కాలపరిమితి చట్టం వర్తించదని, ఆలస్యమొక్కటే కారణంగా కేసు కొట్టెయ్యకూడదని చెప్పి ఉద్యోగం నిలబెట్టింది. అడగకుండా గడిపిన ఏడేళ్ళకి జీతం లేదు. అడిగిన రోజు నుంచి లేబర్ కోర్టు తీర్పు దాకా 60 శాతమే ఇచ్చింది. మరుసటి ఏడాదే, 2000లో, నెడుంగాడి బ్యాంకు కేసు వచ్చింది. అక్కడా ఆలస్యం ఏడేళ్ళే. ఈసారి ఉద్యోగి ఓడిపోయాడు. ఇన్నాళ్ళకి ఎందుకు వచ్చావంటే, తనలాగే తీసేసిన ఇంకో ఇద్దరిని మళ్ళీ తీసుకున్నారన్నది తప్ప ఆయన దగ్గర జవాబు లేదు. పక్కవాడికి వచ్చింది కదా అని నిద్రలేవడం కోర్టుకి నచ్చలేదు.

2014లో హర్యానా రోడ్‌వేస్ ఉద్యోగి రఘుబీర్ సింగ్ కేసు. 1994లో తీసేశారు, క్రిమినల్ కేసులో 2002లో నిర్దోషిగా బయటపడ్డాడు, ఆ తర్వాతే వివాదం లేవనెత్తాడు. లెక్కకి పన్నెండేళ్ళ పైమాటే అయినా ఆలస్యానికి కారణం కళ్ళెదుట ఉంది. కోర్టు ఆయన్ని తిరిగి పనిలోకి తీసుకోమంది. ఆ మరుసటి ఏడాది కర్ణాటక పట్టుపరిశ్రమ శాఖ ఉద్యోగి ప్రభాకర్ కేసులో 1985లో పోయిన ఉద్యోగం గురించి 1999లో అడిగారు. పధ్నాలుగేళ్ళలో అడిగినట్టు ఆధారం లేదు. గడువు లేకపోయినా వివాదం బతికి ఉండాలి కదా, ఇది ఎప్పుడో చచ్చిపోయింది పొమ్మంది సుప్రీంకోర్టు.

ఇవి పాత చట్టపు తీర్పులు. రెండేళ్ళు దాటినవాడు వీటిని పట్టుకుని కొత్త కోడ్ కింద గెలిచేస్తానని అనుకోకూడదు. రెండేళ్ళ లోపలే ఉండి ఏడాదిన్నర ఆలస్యమైనవాడికి మాత్రం ఇవి బాగా పనికొస్తాయి. ఎందుకంటే కోర్టు ఏమిస్తుంది, ఎంతిస్తుంది అన్నది ఇప్పటికీ ఆలస్యాన్ని చూసే తేలుస్తుంది. దరఖాస్తులో ఆలస్యం గురించి దాచకుండా ఒక పేరా పెట్టండి. ఏ నెల ఏం జరిగిందో వరసగా చెప్పండి: జ్వరం, ఆసుపత్రి చీటీ, పెద్దమనుషుల మాటలు, వాటి ఉత్తరాలు. ఊరుకున్న నెలలకి జీతం అడగనని మీరే రాయడం కూడా మంచి ఎత్తుగడ. ఎలాగూ రాని డబ్బు వదులుకుంటే వచ్చే ఉద్యోగం మీద అడ్డంకి తగ్గుతుంది. వకీలుకి ఇది వెంటనే నచ్చకపోవచ్చు, నచ్చజెప్పండి.

ఏ ఆఫీసుకి?

తప్పు ఆఫీసులో అర్జీ పెట్టి ఏడాది పోగొట్టుకోవడం మన డెల్టాలో మరీ సులువు. యానాం ఫ్యాక్టరీలో పనిచేసేవాడి ఇల్లు గౌతమికి ఇవతల కోనసీమలో ఉండొచ్చు. యానాం మాత్రం పుదుచ్చేరి. అక్కడి కార్మిక శాఖ దగ్గరికే వెళ్ళాలి, కాకినాడలో పెట్టిన అర్జీ ఆ పడవ ఎక్కదు. రాజమండ్రి ఓఎన్‌జీసీ సైట్లలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళ కాంట్రాక్టరు మన పక్క ఊరివాడే అయినా, సంస్థ కేంద్రానిది కనుక దారి కేంద్ర కార్మిక శాఖ వైపు ఉంటుంది. బ్యాంకులూ అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏ మండలం ఏ ఆఫీసు కిందికి వస్తుందో కూడా పాత అలవాటు మీద నమ్మకండి. అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసులో అడిగి, అర్జీ రెండు కాపీలు పట్టుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. "లోపల పెట్టి వెళ్ళండి" అంటే వెళ్ళకండి.

రాష్ట్రంలో లేబర్ కోర్టులు విశాఖపట్నం, గుంటూరు, అనంతపురంలో ఉన్నాయి. వాయిదాకి రైలెక్కాలి, ఆ రోజు కూలి పోతుంది. ఖర్చు భయంతో ఆగినవాళ్ళకి రెండు మాటలు: ఈ దరఖాస్తుకి కోర్టు ఫీజు లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఉచిత న్యాయసహాయానికి అర్హుల జాబితాలో పారిశ్రామిక కార్మికుడి పేరు విడిగా ఉంది. రాజమండ్రిలో, ఏలూరులో జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థని అడగండి. "సూపర్‌వైజర్ అని రాశారు, నాకు లేబర్ చట్టం వర్తించదేమో" అని ఆగిపోకండి. కార్డు మీద పేరు కాదు, రోజూ చేసిన పని చూస్తారు.

డబ్బు లెక్కలకి గడువులు వేరు. బకాయి జీతానికి ఇదివరకు ఏడాది, కనీస వేతనం తేడాకి ఆరు నెలలు ఉండేవి. వేతనాల కోడ్‌లో మూడేళ్ళు చేశారు, సరైన కారణం చూపితే తర్వాత కూడా తీసుకోవచ్చు. గ్రాట్యుటీకి ఆలస్యంగా అర్జీ పెట్టినంత మాత్రాన హక్కు పోదు. కాబట్టి ఉద్యోగం కేసుకి కాలం దాటిపోయిందని తెలిసినవాడు మొత్తం వదిలేసుకోనక్కర్లేదు, రావలసిన డబ్బు వేరుగా అడగొచ్చు. మన పిల్లలు వెళ్ళే దేశాల్లో కొన్నిచోట్ల గడువులు ఇంకా బిగుతు. బ్రిటన్‌లో అన్యాయంగా తీసేశారన్న ఫిర్యాదుకి చాలాకాలంగా ఉన్నది మూడు నెలలకి ఒక రోజు తక్కువ. దుబాయిలో ఏడాది ఉండేది, 2024లో రెండేళ్ళు చేశారు. అక్కడినుంచి ఫోను చేసి ఏడ్చే పిల్లలకి "ఇంటికొచ్చెయ్, తర్వాత చూద్దాం" అనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

చివరికి బోను ఎక్కిన రోజున ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఇన్నాళ్ళూ ఏం చేశావు?" దానికి రెండు అర్థాలున్నాయి. ఎందుకు ఆగావన్నది ఒకటి, ఆగిన కాలంలో ఏం తిన్నావన్నది రెండోది. రెండోదానికి చాలామంది "ఏం చెయ్యలేదండి, ఖాళీగా ఉన్నాను" అనేస్తారు, అలా అంటే జీతం వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. రెండేళ్ళు ఖాళీగా ఉన్నవాడి ఇల్లు ఎలా గడిచిందో జడ్జిగారికీ తెలుసు. తీసేసిన దగ్గర్నుంచి స్థిరమైన ఉద్యోగం లేదని దరఖాస్తులోనే రాయాలి. 2013లో దీపాలి సుర్వాసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. ఉద్యోగి ఆ మాట చెప్పుకోవాలి, కాదని రుజువు చేయాల్సింది యాజమాన్యం. అంతకుమించి కొబ్బరి దింపులకి వెళ్ళాను, నాట్ల కూలికి వెళ్ళాను, బావమరిది ఆటో నడిపాను అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ కూలి డబ్బులు రోజుకెంతో కూడా చెప్పండి.